మూల ముక్క

అరసవల్లి రోడ్డులో, గుడికెళ్ళే ఆటోలు మలుపు తిరిగే చోట, ఝాన్సీ స్టిక్కర్ల కొట్టు ఉంది. పొద్దున్నే షట్టరెత్తి, గడప మీద పసుపునీళ్ళు చల్లి, ప్రింటు మిషనుకి అగరొత్తి చూపించాకే కరెంటు వేస్తుంది. ఆటోల వెనక పేర్లు, బళ్ళ నంబర్లు, పెళ్ళికార్లకి జంటపేర్లు, కొట్లకి బోర్డులు, ఇదీ ఆవిడ పని. ఆదివారమైతే సూర్యనారాయణస్వామి దయవల్ల తలెత్తే తీరికుండదు. కొత్త బండి కొన్నవాడు ముందు స్వామి దగ్గరికి వెళ్ళి, అట్నుంచటే ఝాన్సీ దగ్గరికి వస్తాడు.

స్టిక్కరు పనిలో ఒక పద్ధతుంది. అంటించాల్సిన చెక్క ఎంతుంటే బొమ్మ అంతే తీస్తే పనికిరాదు. చెయ్యి కాస్త అటూ ఇటూ అయిందంటే చెక్క బయటపడుతుంది. అందుకని చుట్టూ రెండు వేళ్ళ వెడల్పు ఎక్కువ వదిలి, అంటించాక ఆ అంచుని బ్లేడుతో కోసేస్తారు. మిగతా కొట్లలో ఆ అంచులో ఏదో ఒక రంగు ఉంటుంది. ఝాన్సీ కొట్లో మాత్రం, ఫొటో తీసిన వేళ ఫొటోలో పడకుండా ఆ పక్కన ఏముందో అది ఉంటుంది. కొయ్యనంతసేపూ మసగ్గా ఏమీ తెలీదు. బ్లేడు వెళ్ళి ముక్క విడిపడిందా, అంతా తేటగా కనిపిస్తుంది.

మిషను కొన్న దగ్గర్నుంచీ అంతే. కంపెనీ మెకానిక్కు వచ్చి చూసి, ఇంకు బాగానే పడుతోంది కదమ్మా, ఇంకేం కావాలని టీ తాగి వెళ్ళిపోయాడు. ఊరివాళ్ళకీ అదొక వింతగా లేదు, జాగ్రత్త మాత్రం పడతారు. ఒకసారి ఒక నాయకుడి పుట్టినరోజు బోర్డు అంచున, అవతలి పార్టీ ఆయన ఆకు ముందు కూర్చుని పులిహోర తింటూ దొరికిపోయాడు. అప్పట్నుంచీ ఎవరి అంచు వాళ్ళు అడిగి పట్టుకుపోతారు. ఝాన్సీ వాటిని చూడదు. కోసి, బోర్లించి, చుట్ట చుట్టి చేతిలో పెడుతుంది. సగం అంచులు ఆ సాయంత్రమే వంతెన మీంచి నాగావళిలోకి పోతాయి, మిగతావి పొయ్యిలోకి. ఒకళ్ళ మీద ఒకళ్ళకి మనవాళ్ళకున్న నమ్మకం అలాంటిది మరి.

శ్రావణంలో ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, భావనపాడు నుంచి మొగుడూ పెళ్ళాం వచ్చారు. మొగుడు నాగబాబు. వేటకెళ్తాడు, బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. పెళ్ళాం ఉష. పాత చీరలో చుట్టిన ప్లైవుడ్ చెక్కని చెరో పక్కా పట్టుకుని తడుస్తూ తెచ్చారు. గడప ఎక్కకముందే ఝాన్సీకి వాళ్ళ మీద అనుమానం వచ్చింది. పనికొచ్చినవాళ్ళు రంగు ఎన్నాళ్ళుంటుందని అడుగుతారు. ఇతను మిషను వెనక్కి తొంగిచూశాడు, బల్ల కిందికి తొంగిచూశాడు, మీ చుట్టాలెవరైనా భావనపాడులో ఉన్నారా అని అడిగాడు. తమవి పొలాలనీ, సముద్రాన్ని ఎప్పుడో కార్తీకంలో స్నానానికి చూడడమే తప్ప భావనపాడు మొహం ఎరగననీ ఝాన్సీ చెప్పింది. అతను నమ్మినట్టు లేదు.

ఉషేమో బల్ల మీదున్న బ్లేళ్ళనే చూస్తోంది. స్వామి దర్శనం చేసుకున్నట్టూ ఉంటుందని మొగుడి వెంటపడి వచ్చిందట. నుదుటిన గుడి కుంకం లేదు, చేతిలో ప్రసాదం లేదు. గుడి పక్కనుంచే నడిచొచ్చి దణ్ణమైనా పెట్టని మనిషికి ఏ దర్శనం కావాలో, అనుకుంది ఝాన్సీ.

చెక్క వీడియో గేమ్ పెట్టెకి. చిన్నప్పుడు టెక్కలి బజార్లో కాసు వేసి నిలబడి ఆడేవాళ్ళు కదా, అలాంటి పెట్టె. వేట నిషేధం రోజుల్లో చెయ్యి ఊరుకోక, పాత టీవీ, ప్లైవుడ్డు పెట్టి నాగబాబు సొంతంగా కట్టాడు. ఊళ్ళో నూకయ్య టీకొట్లో పెడతాడు. ఈ చెక్క పెట్టెకి ముందు, చేతులానించే చోట వస్తుంది. ఆటలో తిప్పే కర్రలకి రెండు కన్నాలు, పక్కనే నొక్కుడు బొత్తాలకి కన్నాలు, ఇటో జత అటో జత, నున్నగా కొట్టి ఉన్నాయి. అంచులు ఉప్పుకాగితంతో రుద్ది మూలలు గుండ్రంగా తీశాడు. పని మంచిదేనని ఝాన్సీ మనసులో ఒప్పుకుంది.

"ఎడం పక్క కన్నాలే తెరవండమ్మ. కుడి పక్కవి స్టిక్కరుతో మూసీండి. ఆట ఒక్కుడికే," అన్నాడు నాగబాబు.

ఒక్కడికే అయితే రెండు జతలెందుకు కొట్టావని అడిగింది. చెయ్యి అలవాటు అన్నాడు, అటు తిరిగి. ఆ అలవాటు ఎవరి వల్ల వచ్చిందో ఉషకి తెలుసు. టెక్కలి బజార్లో రెండో కర్ర ఎప్పుడూ ఆమె అన్న ఈశ్వరు పట్టుకునేవాడు. బావా బావా అనుకుంటూ, చెల్లెల్ని ఇచ్చి పెళ్ళి చెయ్యకముందు నుంచే ఒకే పళ్ళెంలో తిన్న స్నేహం. ఇప్పుడు వాళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

ఫొటో ఫోన్లో చూపించాడు. సాయంత్రం వేళ సముద్రం మీద పున్నమి చంద్రుడు, ఒడ్డున నాగబాబు బోటు, బోటు పక్కన కొత్త వల పోగు. మూడేళ్ళ కిందట నూకయ్య కొత్త ఫోను కొని, టీకొట్టు అరుగు మీద నిలబడి తీసిన మొదటి ఫొటో. ఆ రాత్రి గడిచి తెల్లారేసరికి ఆ కొత్త వల ముక్కలు ముక్కలుగా కోసేసి ఉంది. మన పక్క వల కొయ్యడమంటే మనిషి చెయ్యి నరికినంత పాపం.

నూకయ్య నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సాయంత్రం ఈశ్వరు కత్తి పట్టుకుని బోటు దగ్గర్నుంచి పోవడం చూశానని చెప్పేశాడు. వలలో వాటా అడిగితే నాగబాబు ఇవ్వలేదని అంతకుముందే ఊళ్ళో అనుకుంటున్నారు. ఇంకేం కావాలి? పెద్దలు ఈశ్వరుని ఒడ్డుకి పిలిచారు. అక్కడ ప్రమాణమంటే, సముద్రంలో మునిగొచ్చి, తడిబట్టలతో గంగమ్మ ముందు నిలబడి, గుప్పెట్లో ఉప్పు పట్టుకుని రెండు మాటలు చెప్పాలి. ఆ పని నాను సెయ్యనేదు, ఇది మొదటిది. సేసినోల్లెవులో నాకు తెల్దు, ఇది రెండోది. ఈశ్వరు మొదటి మాట గట్టిగా చెప్పాడు. రెండోదాని దగ్గర ఆగిపోయాడు. ఉప్పు ఇసకలో జారవిడిచి ఇంటికెళ్ళిపోయాడు.

రెండో మాట రానివాడి మొదటి మాట ఎవరు నమ్ముతారు? కొయ్యకపోతే కోయించి ఉంటాడు అన్నారు. ఆ రోజు నుంచి ఈశ్వరుని ఏ బోటూ ఎక్కించుకోలేదు. ఒడ్డునే పీతలు పట్టుకుని బతికాడు. ఉషకి రెండు వీధుల అవతలున్న పుట్టిల్లు లేకుండా పోయింది. అన్న ఎదురైతే తల దించుకుని పోయేది. అందరూ మొగుడికి భయపడి అనుకున్నారు.

రేపు పొద్దున్న గుజరాత్‌లోని వేరావల్ బోట్లలో పనికి పోయేవాళ్ళ వ్యాను ఊళ్ళోకి వస్తుంది. ఈశ్వరు అందులో ఎక్కేస్తున్నాడు. ఇక ఊరికి రానని పెళ్ళాంతో అన్నాడట. వాడు ఎక్కేలోపు ఈ బొమ్మ అంచు కోసి, అందులో ఏముంటే అది గేమ్ పెట్టె నెత్తిన అంటించి టీకొట్లో నిలబెట్టాలని నాగబాబు పంతం.

"దొంగని ముద్ర పడాలమ్మ. అప్పుడు ఎల్లమను, ఏ గుజరాత్ ఎల్తాడో," అన్నాడు.

ఝాన్సీకి ఆ పని చెయ్యాలనిపించలేదు. కానీ అంచు ఎవరిదైతే వాళ్ళ చేతిలో పెట్టడం తన కొట్టు మర్యాద. తీసుకున్నవాళ్ళు నదిలో వేస్తారో నెత్తిన పెట్టుకుంటారో తనకి పనిలేదు. మిషను వేసింది. బొమ్మ బయటికొస్తున్నంతసేపూ నాగబాబు చేపల బుట్ట దగ్గర పిల్లిలా కాపలా కాశాడు. చుట్టూ అంచంతా మసకే.

సబ్బునీళ్ళు కొట్టి చెక్క మీద పరిచారు. నాగబాబు ఒక చివర, ఉష ఒక చివర. ఝాన్సీ నడుమ నుంచి ప్లాస్టిక్ చెక్కతో గాలి బయటికి నెట్టుకుంటూ వచ్చింది. ఉష వైపుకొచ్చేసరికి పొక్కులు లేస్తున్నాయి. ఆమె చెయ్యి వణుకుతోంది. చలేస్తోందా అమ్మా అని అడిగితే ఔనంది. చలేసినవాళ్ళకి నుదుట చెమట పట్టదని ఝాన్సీకి తెలుసు. అన్న మీద జాలితో అంచు చించేస్తుందేమోనని నాగబాబు కూడా పెళ్ళాం వేళ్ళ మీంచి చూపు తియ్యలేదు. ముగ్గురూ ఒక చెక్క మీద వంగి ఉన్నారు, ఒకళ్ళనొకళ్ళు నమ్మినవాళ్ళు అక్కడ లేరు.

చెక్క తిరగేసి ఝాన్సీ కొత్త బ్లేడు తీసింది. బ్లేడుని చెక్క అంచుకి ఆనించి, కాస్త ఏటవాలుగా పెట్టి, చెయ్యెత్తకుండా ఒకే లాగుడులో లాగాలి. ఆగితే అక్కడ రంపం పన్నులా గాటు పడుతుంది. పై అంచు కోసింది. నాగబాబు ఆత్రంగా అందుకుని చూశాడు. ఆకాశం, రెండు కొంగలు. కుడి అంచులో పక్క బోటు నీడన పడుకున్న కుక్క. కింది అంచులో ఇసక, వల పూసలు, ఒక పీత. అతని మొహం మాడిపోతోంది. ఎడమ అంచు కోసి ఇచ్చింది.

అంచులో ఈశ్వరు ఉన్నాడు. నడుం దాకా వంగి, పిడికిట్లో కత్తి పట్టుకుని.

"సూసినావా? సూసినావే మీ అన్నని?" అన్నాడు పెళ్ళాంతో. గెలిచినవాడి గొంతులా లేదు, ఎక్కడో ఆఖరి ఆశ తెగిపోయినట్టుంది. అది ఈశ్వరు కాకూడదని అతనికి లోపల్లోపల ఉండేదన్న సంగతి అప్పుడు ఝాన్సీకి అర్థమైంది.

ఝాన్సీ ఎప్పుడూ చూడనిది, అతను కళ్ళ ముందు ఆడిస్తుంటే చూడక తప్పలేదు. చూసిందాన్ని చూసినట్టు ఊరుకోలేకపోయింది. వల కోసేవాడు వలని చూస్తాడు. ఇతను కిందికి, మూల వైపుకి, ఎవరో మనిషి మొహంలోకి చూస్తున్నాడు. కత్తి పిడి కూడా సగమే ఉంది, మిగతా సగం మూలలోకి పోయింది. గుండ్రంగా తీసిన మూలల్లో అంచు ఒక్క లాగుడులో రాదు. అక్కడ చిన్న ముక్కగా విడిగా తెగి పడుతుంది. మూడు మూల ముక్కలు బల్ల మీదున్నాయి. నాలుగోది లేదు.

"ఆ మూల ముక్క ఏదీ?" అంది, అనకుండా ఉండాల్సింది.

నాగబాబు బల్ల మీద వెతికాడు, కింద వెతికాడు. చెత్తబుట్ట బోర్లించి ఆటోల పేర్ల ముక్కలన్నీ కెలికాడు. లేకపోయేసరికి ఝాన్సీ వైపు తిరిగాడు. వచ్చినప్పట్నుంచీ నీ మీద అనుమానంగానే ఉందన్నాడు. ఈశ్వరు మనిషివై ఉంటావు, నీ చేతిలోనే తెగింది, నీ చేతిలోనే మాయమైంది, ఇంత వయసొచ్చి దొంగపనులేంటమ్మా అన్నాడు. జన్మలో పరాయి సొమ్ము ముట్టని మనిషి ఝాన్సీ. ఆ మాటకి ఆవిడకి కళ్ళు మండాయి. ఉష కుడిచెయ్యి పిడికిలి బిగిసి, వేళ్ళ కణుపులు తెల్లబడి ఉండడం ఆవిడకి కనిపిస్తూనే ఉంది. చెప్పొచ్చు. చెప్పలేదు. బ్లేడు కింద పెట్టి, తలుపు వైపు చూస్తూ నిలబడింది.

ఉష ఒకసారి ఝాన్సీని చూసింది, ఒకసారి మొగుణ్ణి చూసింది. పిడికిలి విప్పితే కాపురం పోతుంది. విప్పకపోతే తెల్లారి అన్న పోతాడు, దొంగై పోతాడు. ఇక్కడ, ముక్కూ మొహం తెలియని ఈవిడ కూడా తన మూలంగా మాట పడుతోంది. మూడేళ్ళుగా మింగిన మాట ఇంక గొంతు దిగలేదు.

"ఆయమ్మని అనొద్దు. నా కాడుంది," అని చెయ్యి చాపింది.

నాగబాబు ఆ ముక్కని తీసుకుని ఎడమ అంచు పక్కన పెట్టాడు. రెండూ సరిగ్గా అతికాయి. వల పోగు మీద కూర్చుని ఉష. మొహమంతా నీళ్ళు. ఒళ్ళో తెగిన వల. ఒకే కత్తి మీద రెండు చేతులు, పై చెయ్యి అన్నది, లాక్కుంటోంది. కింది చెయ్యి చెల్లెలిది, వదలడంలేదు.

వాన రేకుల మీద మోగుతోంది. ఉష నేల చూస్తూ చెప్పింది. ఆ రోజు తుఫాను హెచ్చరికొచ్చింది. కొత్త వల ముహూర్తం దాటిపోతుందని నువ్వు వేకువనే బయల్దేరతానన్నావు. కాళ్ళు పట్టుకున్నాను, నవ్వేవు. మా నాన్న కూడా అలాగే నవ్వి వెళ్ళాడు, శవం కూడా రాలేదు. వల లేకపోతే ఆగుతావని కోశాను. అన్న చూసి కత్తి లాక్కుని పోయాడు. తెల్లారి చూస్తే తుఫాను ఒరిస్సా వైపు తిరిగిపోయింది. సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది. వెళ్ళిన బోట్లన్నీ అంచుదాకా చేపలతో వచ్చాయి. నువ్వొక్కడివీ ఒడ్డున కూర్చుని ఆ వల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చావు. అప్పుడింక నేనే కోశానని ఏ నోటితో చెప్పను? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, ఊరుకోమన్నాడు అన్న. ప్రమాణం చేసేసి బయటపడతాడనుకున్నాను.

"ఉప్పు సేత పట్టుకుని అబద్ధం ఆడ్నేకపోనాడు," అంది ఆఖర్న. "నువ్వు బతికుంటే సాలనుకున్నాను. అంతే నాకు తెలిసింది."

నాగబాబు ఆ రెండు ముక్కల మీదికే వంగాడు. ఉషతో కాదు, ఆ అంచులో ఉన్నవాడితో అన్నట్టుంది అతని మాట.

"అందుకేనేటి బావా, రెండో మాట నీకు రానిది."

తరవాత బ్లేడు చేతిలోకి తీసుకున్నాడు. ఝాన్సీ గబుక్కున ఉషకి అడ్డంగా వచ్చి నిలబడింది. అతను వాళ్ళిద్దరి వైపూ చూడలేదు. చెక్క మీదికి వంగి, కుడి పక్క స్టిక్కరు కింద కన్నం ఎక్కడుందో బొటనవేలితో తడిమి, నడుమ పొడిచి, నాలుగు చీలికలు చీల్చాడు. ఒక్కో చీలికా లోపలికి మడిచి, కన్నం చుట్టూ కోసుకుంటూ వచ్చాడు. కర్ర కన్నం అయ్యాక బొత్తాల కన్నాలు. అంచులన్నీ పళ్ళు పళ్ళుగా వచ్చాయి. వంకర కోత చూస్తే ఓర్చుకోలేని ఝాన్సీ ఆ రోజు ఒక్క మాటైనా అనలేదు. ఆఖరి కన్నం తెరిచేసరికి అతని గడ్డం మీంచి నీళ్ళు బొమ్మలోని సముద్రం మీద పడుతున్నాయి. గుడ్డ తెచ్చి తుడిచింది.

అప్పుడతను అంచుముక్కలు రెండూ నలిపి పట్టుకుని, అగ్గిపెట్టె ఉంటే ఇమ్మన్నాడు. ఉష అడ్డుపడింది. కాల్చడానికి వీల్లేదంది. పెట్టె మీద అంటిద్దామని తెచ్చావు కాబట్టి అంటించి తీరాలంది. ఊరు నిన్ను కాకుల్లా పొడుస్తుందే, నేనే మింగేస్తాను ఇది, అన్నాడు నాగబాబు.

"మా అన్నియ్య మూడేళ్ళు పొడిపించుకున్నాడు. నాను పొడిపించుకోలేనా? ఇటియ్యి," అని చేతిలోంచి తీసుకుంది. ఆ వేళ నాగావళిలోకీ పోకుండా, పొయ్యిలోకీ పోకుండా ఝాన్సీ కొట్లోంచి ఒక అంచు మొదటిసారి సాపు చేయించుకుని బయటికెళ్ళింది. చేసిన పనికి డబ్బులివ్వబోతే ఝాన్సీ, దొంగన్నందుకు ముందు దణ్ణం పెట్టు, తరవాత చూద్దాం అంది. నాగబాబు వంగి నిజంగానే దణ్ణం పెట్టాడు.

బస్సులో టెక్కలి దాకా మొగుడూ పెళ్ళాం చెరో సీట్లో కూర్చున్నారు. కోపం పోయిందని ఎవరన్నారు? వల పోయిన కోపం వలదే, మూడేళ్ళు దాచిన కోపం మూడేళ్ళదే. టెక్కలిలో దిగాక, చెక్క ఒక పక్క పట్టుకోమన్నాడు. అంతే మాట. ఊళ్ళోకొచ్చి ఇంటికి పోలేదు. ఈశ్వరు గడప ముందు ఆగారు. లోపల ఈశ్వరు సంచీ తాడు బిగిస్తున్నాడు.

"బావ, రెండో కర్ర బిగించాల. పానా పట్టేవోడెవుడూ నేడు," అన్నాడు నాగబాబు.

ఈశ్వరు అతన్ని చూడలేదు. వెనకున్న చెల్లెలి చేతిలో అంచు చూశాడు. ఏల సెప్పీసినావే అని ఆమెని కసిరాడు. కసురుతూనే పానా కోసం గూట్లో చెయ్యి పెట్టాడు.

పొద్దున్నే టీకొట్లో పెట్టె నిలబెట్టారు. పెట్టె నెత్తిన అంచునీ మూల ముక్కనీ కలిపి ఉషే అంటించింది, నూకయ్య చూస్తుండగా. నూకయ్య గ్లాసు నిండి పొంగిపోతున్నా టీ పోస్తూనే ఉన్నాడు. తిట్టినవాళ్ళు తిట్టారు. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు బొమ్మలో ఉష మొహం చూసి, తమకీ ఎన్నోసార్లు ఆ కత్తి చేతిలోకి తీసుకోవాలనిపించిందేమో, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ఉష అరుగు మీదే కూర్చుంది, ఎవరి కళ్ళనీ తప్పించుకోలేదు.

వేరావల్ వ్యాను వచ్చి హారను కొట్టింది. మళ్ళీ కొట్టింది. డ్రైవరు దిగి టీకొట్లోకి తల పెట్టి, ఈశ్వరెవులు, బేగి రావాలన్నాడు. ఈశ్వరు రెండో కర్ర పట్టుకుని ఉన్నాడు. టీవీ మీంచి కళ్ళు తియ్యలేదు.

"నా సీట్లో ఇంకెవులినైనా ఎక్కించుకో. మా బావ ఓడిపోతన్నాడు, ఇప్పుడొగ్గి రానేను," అన్నాడు.